కూర్చున్నవాడి దిండు

మా నాయన దిండు అమ్మే ముందు కొనేవాణ్ణి చాప మీద పడుకోబెట్టేవాడు. సంతలో నలుగురూ చూస్తుండగా పడుకోవడానికి జనం సిగ్గుపడేవాళ్ళు. అయినా వదిలేవాడు కాదు. తల కింద దిండు పెట్టి, మెడకీ దిండుకీ మధ్య తన చెయ్యి దూర్చి చూసేవాడు. చెయ్యి సులువుగా దూరిందంటే ఆ దిండు పక్కన పెట్టి ఇంకోటి తీసేవాడు. ‘దిండు తలకి కాదబ్బాయ్, మెడకి. తలదేముంది, రాయి మీదైనా పడుకుంటది’ అనేవాడు.

మాది చిలకలూరిపేట. నూర్‌బాషాలం. ఊళ్ళోవాళ్ళకి మాత్రం దూదేకులవాళ్ళం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్యది మా కులమేనని నాయన ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పేవాడు. పంటలు ఇంటికొచ్చి జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళకి విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు పట్టేవాడు. నరం కట్టిన ఆ విల్లు నా ఎత్తుకంటే పొడుగు. చెక్క దస్తాతో నరాన్ని కొడుతుంటే టంగ్ టంగుమని మోగేది, గట్టిపడిపోయిన పాత పరుపు దూది ఆ దెబ్బకి విచ్చుకుని గదంతా మబ్బు పట్టినట్టయ్యేది. సాయంత్రానికి నాయన కనుబొమలూ మీసాలూ తెల్లబడి ముసలాడై ఇంటికొచ్చేవాడు. స్నానం చేసి మళ్ళీ పడుచువాడయ్యేవాడు.

నేను ఆ పని నేర్చుకోలేదు. సోషల్ మాస్టారినై, ముప్ఫై రెండేళ్ళు అక్బరూ అశోకుడూ చెప్పి రిటైరయ్యాను. ఇదంతా ఎందుకంటే, పరుపులు కుట్టినవాడి కొడుకునై ఉండీ అరవై ఆరేళ్ళ వయసులో ఒక దిండు దగ్గర మోసపోయాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మొదటిసారి వెళ్తున్నామని తెలిసి ఊళ్ళో అందరూ ఒకటే మాట: ‘మాస్టారూ, మెడ దిండు కొనుక్కోండి.’ కొన్నాను. గుర్రపు లాడంలా వంగి, బూడిద రంగు ముఖమల్ తొడుగుతో, పట్టుకుంటే జరజరమని జారే పూసలతో ఉంది. గల్ఫ్‌లో విమానం మారాక ఇంక దిగేది డాలస్‌లోనే, పదహారు గంటలు. మొదటి గంటలోనే ఇదేదో తేడా అని తెలిసింది. సీటు తల దగ్గర ముందే కొంచెం ఉబ్బుగా ఉంటుంది. దానికి తోడు మెడ వెనక ఈ దిండు లావు. రెండూ కలిసి నా తలని ముందుకు తోశాయి. కునుకు పట్టగానే గడ్డం రొమ్ముకి తగలడం, ఉలిక్కిపడి లేవడం. పక్కకి వాలదామంటే ఆ పూసలు అటూ ఇటూ సర్దుకుని దారి ఇచ్చేసేవి. మా ఆవిడ మాత్రం దిండూ గిండూ లేకుండా నా భుజం మీద వాలి గ్రీస్ నుంచి అట్లాంటిక్ దాకా నిద్రపోయింది. అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులు ఎవరితో మాట్లాడాలన్నా తలతో పాటు ఒళ్ళంతా తిప్పాను. మనవరాలు నన్ను రోబో తాత అంది.

మెడ పట్టేసినవాడికి వేరే పనేముంటుంది? అసలు మనిషిని కూర్చోబెట్టి నిద్రపొమ్మనడం ఎప్పుడు మొదలైందా అని ఆలోచించాను.

మన పాతకాలపు ప్రయాణాల్లో నిద్ర వేరు, నడక వేరు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పదిహేను నెలల పైమాట. పల్లకీ, బోయీలు, డేరాలు, వెంట వందమంది దాకా పరివారం. పొద్దున్న ప్రయాణం, తర్వాత మజిలీ, రాత్రి పడక. ఆయన్ని ఈనాటి బిజినెస్ క్లాసు ప్రయాణికుడనుకోవచ్చు, బోయీల సంగతి వేరే రాయాలి. మామూలు జనానికి ఎడ్లబండి. బండిలో వరిగడ్డి మెత్తగా పరిచి, పైన జంపఖానా వేసుకుంటే అదే పరుపు, బట్టల మూటే దిండు. నడిచిపోయేవాడు సత్రం అరుగు మీద తువ్వాలు చుట్టి తల కింద పెట్టుకునేవాడు. మా తాతకి పీట ఉండాలి. పీట మీద తల పెడితే గాని నిద్ర పట్టేది కాదు, ఇంట్లో దిండ్లు గుట్టలుగా ఉన్నా. ఇదేం పిచ్చి అనుకునేవాణ్ణి. తర్వాత పిల్లలకి ఈజిప్టు పాఠం చెప్తూ చూశాను: 1922లో బయటపడ్డ టూటన్‌ఖామెన్ సమాధిలో తల ఆనించుకునే పీటలు దొరికాయి, అందులో ఒకటి దంతంది. వాయుదేవుడు షూ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో దాన్ని ఎత్తి పట్టుకుని ఉంటాడు. మా తాతకి ఆ గౌరవం దక్కలేదు, ఆయన పీట టేకుది.

కూర్చున్న ఒంటికి ఆసరా ఇవ్వడం మాత్రం మన దగ్గర సన్యాసులు కనిపెట్టిన విద్య. హంపిలో కృష్ణదేవరాయలు 1528లో చెక్కించిన నరసింహస్వామిని చూసినవాళ్ళకి ఆ మోకాళ్ళ దగ్గర పట్టీ గుర్తుండే ఉంటుంది. అది యోగపట్టం. నడుమునీ మోకాళ్ళనీ కలిపి కట్టేస్తే గంటలకొద్దీ కూర్చున్నా ఒళ్ళు జారదు. జపం చేసేవాళ్ళు చంకకింద పెట్టుకునే యోగదండం సంగతీ అంతే. ఫకీర్ల దగ్గర ఇలాంటి పొట్టి కర్రే ఉండేది, దాన్ని నవాబులు కూడా వాడారు. పచ్చరాయి పిడితో, లోపల బాకు దాచి మరీ చేయించుకున్నారు. దాని పేరు జఫర్ తకియా, అంటే విజయపు దిండు. తకియా అంటే దిండని మా ఇంట్లో పసిపిల్లకీ తెలుసు. దిండులో బాకు దాచుకునేవాడికి నిద్ర ఎలా పట్టేదో!

వీటిల్లో ఏదీ మెడ వెనక పెట్టుకునేది కాదు. అన్నీ ముందు నుంచో పక్క నుంచో పట్టుకునేవే. ఇది నాకు వెంటనే తట్టలేదు, డాలస్ నుంచి వచ్చాక తట్టింది.

రైలు వచ్చాకే నిద్రా ప్రయాణమూ ఒకేసారి చేయాల్సి వచ్చింది. కలిగినవాళ్ళు హోల్డాల్ తెచ్చుకునేవాళ్ళు. ఖాకీ కాన్వాసు, తోలు పట్టీలు, ఒక చివర దిండు దూర్చే జేబు. మూడో తరగతివాడికి చెక్క బల్ల. ఆ మూడో తరగతిని 1974లో ఎత్తేశారు. ఎత్తేశారంటే పేరు ఎత్తేశారు, బల్ల అలాగే ఉంది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక రైల్వే మంత్రి మధు దండవతే ఆ బల్లల మీద రెండంగుళాల ఫోమ్ వేయించాడు. అదే ఏడాది డిసెంబరు 26న హౌరాకీ బొంబాయికీ మధ్య మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌లో తరగతుల తేడానే లేదు. దేశమంతా మెచ్చుకుంది. మా నాయన మాత్రం విజయవాడ స్టేషన్లో ఆ మెత్త మీద కూర్చుని, బొటనవేలితో నొక్కి, చేతులు కడుక్కుని వచ్చినవాడిలా మొహం పెట్టాడు. ‘ఇది ఇళ్ళలోకి కూడా వస్తదిరా’ అన్నాడు. వచ్చింది. విల్లు అటకెక్కింది.

ఆ రోజుల్లోనే గాలి దిండు. రబ్బరు పూసిన గుడ్డతో తయారుచేసేవాళ్ళు. ఆ గుడ్డకి మూలపురుషుడు స్కాట్లాండ్ వాడు చార్లెస్ మకింతోష్, 1823లో పేటెంట్ పుచ్చుకున్నాడు. వానకోటుకి ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ఆయన పేరే పెట్టుకుంటారు. మన దేశంలో ఈ పని గట్టిగా పట్టుకున్నది సురేంద్రమోహన్ బోసు. కలకత్తాలో 1920లో మొదలుపెట్టిన ఆయన కంపెనీ సరుకే డక్‌బ్యాక్. వానకోట్లు, వేడినీళ్ళ సంచులు, గాలి దిండ్లు. నా పెళ్ళికి ఒక తోటి మాస్టారు గాలి దిండు బహుమతి ఇచ్చాడు, దూదేకులవాడి ఇంటి పెళ్ళికి! గుంటూరు నుంచి సికింద్రాబాదు రాత్రి బండిలో ఊదాను. ఊదేటప్పుడు నోట్లోకి రబ్బరు చేదు, కళ్ళ ముందు చుక్కలు. మరీ బిగించి ఊదితే తల బంతి మీద బంతిలా దొర్లుతుంది. కొంచెం గాలి వదిలితే పక్కబెర్తు వాళ్ళు మనల్ని అదోలా చూస్తారు, ఆ చప్పుడు అలాంటిది. కాజీపేట దాటేసరికి బిరడా దగ్గర సన్నగా కారి, తెల్లారేటప్పటికి దిండు గలీబు మాత్రం మిగిలింది.

విమానాల కథ దీనికి తలకిందులు. అక్కడ ముందొచ్చింది పడకే. 1939లో అట్లాంటిక్ దాటించిన పాన్ అమెరికన్ వాళ్ళ బోయింగ్ 314, నీళ్ళ మీద దిగే విమానం. పగలు 74 మంది కూర్చోవచ్చు, రాత్రి అందులో సగం మందికే చోటు, ఎందుకంటే సీట్లని పడకలుగా మార్చేసేవాళ్ళు. మన ఎయిరిండియా మొదటి విదేశీ విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళినప్పుడు అందులో ఉన్నది 35 మంది. ఇవాళ అంతమంది మన వెనక బాత్‌రూమ్ క్యూలో ఉంటారు.

1952 మేలో అట్లాంటిక్ మీద టూరిస్టు క్లాసు పెట్టారు. అదీ చాలదని 1958 ఏప్రిల్లో ఎకానమీ క్లాసు వచ్చింది. కంపెనీలన్నీ ఒక సంఘంగా కూర్చుని నిబంధనలు రాసుకున్నాయి: మన సీటు వీపు నుంచి ముందు సీటు వీపుకి 34 అంగుళాలు, తినడానికి శాండ్‌విచ్. అది కూడా చల్లగా, సాదాగా, చవగ్గా ఉండాలి! స్కాండినేవియా కంపెనీ వాళ్ళు రొట్టె ముక్క మీద రొయ్యలూ మాంసమూ పేర్చి, ఇదీ శాండ్‌విచ్చే కదా అన్నారు. పాన్ అమెరికన్ వాళ్ళు ఫిర్యాదు చేశారు. పంచాయితీ జరిగింది, జరిమానా పడింది. పత్రికలు దానికి శాండ్‌విచ్ యుద్ధమని పేరు పెట్టాయి. చరిత్ర పాఠంలో పానిపట్టు మూడుసార్లు చెప్పాను గాని ఈ యుద్ధం ఒక్కసారీ చెప్పలేదు, పిల్లలు మేలుకుని వినేవాళ్ళేమో. శాండ్‌విచ్ మీద అంత రాద్ధాంతం చేసిన పెద్దమనుషులు మెడ సంగతి ఎత్తినట్టు కనబడదు.

ఎయిరిండియా 1960లో న్యూయార్క్ దాకా వెళ్ళింది. అమెరికా 1965లో వలస చట్టం మార్చాక మన గుంటూరు, విశాఖ డాక్టర్లు పెట్టెలు సర్దుకున్నారు. 1970లో జంబో జెట్ వచ్చింది. 1978లో అమెరికా ప్రభుత్వం టికెట్ ధరల మీద అదుపు వదిలేసింది. కంపెనీలు ఒకదాన్ని మించి ఒకటి ధరలు తగ్గించాయి, ధరతో పాటు అంగుళాలూ తగ్గించాయి. ముప్ఫై నాలుగు కాస్తా ముప్ఫై ఒకటి అయింది, కొన్నింటిలో ఇంకా తక్కువ. చవకైన టికెట్టే లేకపోతే నాలాంటి బడిపంతులు డాలస్ చూసేవాడా అంటే చూసేవాడు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మూడంగుళాలు తీసుకున్నవాళ్ళు పైవాళ్ళకి పడక తిరిగిచ్చారు. 2000 సంవత్సరంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో బల్లపరుపుగా వాలిపోయే సీట్లు పెట్టింది. తక్కినవాళ్ళూ అదే దారి పట్టారు. వెనకవాళ్ళకి ఉచితంగా ఇచ్చే చిన్న దిండుకి కూడా వెల కట్టారు. అమెరికాలో జెట్‌బ్లూ 2008లో దిండూ దుప్పటీ కలిపి ఏడు డాలర్లంది. విమానాశ్రయం దుకాణాల్లో మెడ దిండ్లు గుత్తులుగా వేలాడటం వెనక సంగతి ఇదే. విమానంలో ఇవ్వాల్సింది బయట అమ్ముతున్నారు.

ఇందులో నన్ను నవ్వించింది ఒకటుంది. ఈ దిండ్లలో ఖరీదైనవాటికి మెమరీ ఫోమ్ వేస్తారు. ఆ ఫోమ్‌ని 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు తయారుచేశాడు. దేనికి? విమానం సీట్లలో మెత్తలకి. సీటులో ఉండాల్సిన ఫోమ్ సీటులోంచి లేచి, దుకాణంలో వేలాడి, మన డబ్బుతో మన మెడకెక్కి మళ్ళీ విమానంలోకి వస్తోందన్నమాట.

రెండో ప్రయాణానికి ముందు ఆ బూడిద రంగు దిండుని కోశాను. బ్లేడుతో కుట్టు తెంపానో లేదో, ఆవగింజంత థర్మోకోల్ పూసలు వేలకి వేలు హాలంతా దొర్లాయి. చీపురుతో ఊడిస్తే చీపురుకే అతుక్కున్నాయి. తడిగుడ్డ పెడితే తేలాయి. మా ఆవిడ కాళ్ళకీ, చీర కుచ్చిళ్ళకీ, పిల్లి మీసాలకీ అవే. ‘ఏమయ్యా, ఈ వయసులో నీకెందుకు వచ్చింది మీ నాయన పిచ్చి?’ అంది. మూడు రోజుల తర్వాత కూడా పెరుగులో ఒకటి కనబడింది.

తొడుగు మాత్రం ఉంచుకున్నాను, కొలతకి. బూరుగు దూది కోసం నరసరావుపేట దాకా వెళ్ళాను. చెట్టు కాయ పగిలేది ఎండాకాలంలో, అప్పుడు దూది కొత్తది దొరుకుతుంది. ఈ దూదిని విల్లుతో ఏకరు. నున్నటి పోగు, పొట్టి పోగు, ఏకితే పొడైపోతుంది. పుల్లతో చిలికినట్టు తిప్పితే మిరియమంత నల్ల గింజలు కిందకి రాలతాయి, నురగ పైన నిలుస్తుంది. మా అమ్మ తలుపులన్నీ మూసి, ముక్కుకి కొంగు చుట్టుకుని ఈ పని చేసేది. నేనూ ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చేశాను. ఈ పోగు లోపల బోలు, పైన మైనం పూసినట్టుంటుంది, నీళ్ళు పట్టవు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో నావికుల లైఫ్ జాకెట్లలో ఇదే కూరారు. 1942లో జావా జపాను చేతిలో పడి అమెరికాకి బూరుగు దూది రావడం ఆగిపోయింది. 1944లో అక్కడి బడిపిల్లలు చేల గట్ల మీద మన జిల్లేడు లాంటి మొక్కల కాయలు సంచులకొద్దీ ఏరారు. రెండు సంచులైతే ఒక జాకెట్టు, ఒక ప్రాణం. జిల్లేడు పత్తితో దిండు కుట్టుకోమని మా ఊళ్ళో బీదవాళ్ళకి నాయన చెప్పేవాడు. ఆ మాటకి అమెరికాలో అంత విలువ ఉందని ఆయనకి తెలియదు.

కుట్టడం సగం మర్చిపోయాను, సగం చేతులకి గుర్తుంది. మెడ వెనక భాగంలో దూదే పెట్టలేదు, చారల గుడ్డ రెండు మడతలు అంతే. చెవుల కింద రెండు పక్కలా బిగువుగా, వేలు నొక్కితే వెంటనే లేచేంతగా కూరాను. బూరుగు దూది రోజులు గడిస్తే అణుగుతుంది కాబట్టి నాయన లెక్కకి ఒక గుప్పెడు ఎక్కువ. గడ్డం కింద ఆగడానికి ఒక చిన్న మెత్త, దాన్ని కట్టుకునే నాడా. తల అయిదు కిలోల బరువు. మెలకువలో మెడ కండరాలు మోస్తాయి, నిద్రలో వదిలేస్తాయి. వదిలేసిన తల వెనక్కి పడదు, వెనక సీటుంది. పడేది ముందుకీ పక్కకీ. దుకాణంవాడు ఎక్కువ సరుకు పెట్టింది తల పడని చోట. మొత్తానికి నా దిండు చూస్తే బిందె కింద పెట్టే చుట్టకుదురు సగానికి కోసినట్టుంది. రెండు రోజులు డాబా మీద ఎండలో పెట్టాను, పొంగింది.

ఈసారి నా పక్క సీట్లో జగిత్యాల నుంచి ఒకావిడ, కూతురి కానుపుకి వెళ్తోంది. మా ఆవిడ కిటికీ దగ్గర అప్పుడే నిద్రలో ఉంది. నేను నాడా కట్టుకుంటుంటే ఆవిడ కాసేపు చూసింది. ‘గదేందన్నా?’ అంది. విప్పి ఇచ్చాను. సంతలో ఆడవాళ్ళు నాయన దిండ్లని నొక్కి చూసినట్టే, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి ఒక్కొక్క చోటా నొక్కుతూ పోయింది. ‘బూరుగు దూదే గద. మా అవ్వగారింట్ల చెట్టుండె.’ మళ్ళీ నొక్కింది. ‘గింజలన్నీ ఏరిన్రా?’

‘ఏరానమ్మా. ఒక్కటుంటే అడుగు’ అన్నాను. నాయన అనే మాటే అది.

ఆవిడ ఏమీ అనకుండా తిరిగిచ్చింది. దీపాలు తీశారు. నాడా కట్టుకుని ఎడమపక్కకి వాలాను. చెవి కింద ఏదో మిరియమంత గట్టిగా తగిలింది. అటు జరిపాను, ఇటు జరిపాను. ముందు తెర మీద బొమ్మ విమానం గ్రీన్‌లాండ్ అంచుకి వచ్చేదాకా దాన్ని వేళ్ళతో వెతుకుతూనే ఉన్నాను. పక్కావిడ కళ్ళు మూసుకునే ఉంది గాని, పెదాలు నవ్వుతున్నాయి.